ఎలపటెద్దు కోసం మైదుకూరు దాకా

కర్నూలు నుంచి కడపకు పోయే మొదటి బస్సు ఆరింటికే అంటారు. డ్రైవరు కాఫీ తాగి, బీడీ ముగించి, పైన మూటలు కట్టించేసరికి ఏడు కావచ్చింది. ఈ దారిన పోదలచినవారు అయిదున్నరకే వెళ్ళి సీటు మీద తుండుగుడ్డ వేసుకోవడం మంచిది. నేను వేసిన తుండుగుడ్డను ఎవరో మడిచి పక్కన పెట్టి కూర్చున్నారు. అడిగితే, గుడ్డ సీటు మీది నుంచి జారిందన్నారు. నేను వెనక సీటుకు పోయాను.

ఈ ప్రయాణం నేను కోరుకున్నది కాదు. నందికొట్కూరు దగ్గర సేద్యం చేసుకునే మా అన్నకు ఒక జత ఎద్దులుండేవి. ఎండాకాలంలో జతలో ఒకటి చచ్చిపోయింది. మిగిలినదాన్ని అన్న మైదుకూరు దగ్గరి గంగిరెడ్డి అనే రైతుకు అమ్మాడు. మూడు వారాలు తిరక్కముందే గంగిరెడ్డి మనిషిని పంపాడు. కాడి కడితే ఎద్దు పండుకుంటున్నదట, కొట్టినా లేవడం లేదట. అమ్మినవాళ్ళు వచ్చి సంగతేమిటో తేల్చకపోతే, శనివారం సంతలో కటికవాళ్ళకు ఇచ్చేస్తానని కబురు.

అన్న కాలికి నారికురుపు లేచి, అడుగు తీసి అడుగు పెట్టలేకుండా ఉన్నాడు. అందుకని నన్ను పొమ్మన్నాడు. బేరానికి ముందు నడిచిన పోస్టు కార్డులన్నీ తాను చెప్పగా నేనే రాశాను గనుక గంగిరెడ్డికి నా పేరు తెలిసే ఉంటుందన్నాడు. "తొమ్మిదేండ్లు నా దగ్గర ఒక్కనాడు పండుకోల్యా. దాన్ని కటికోళ్ళకు పోనీయొద్దురా" అన్నాడు. సరేనన్నాను గానీ, నాకు ఎద్దుల గురించి ఏం తెలుసు? ఏడో ఏటనే మేనమామ ఇంటికి చదువుకు పోయి, అట్నుంచి అటే కర్నూలులో బడిపంతులు ఉద్యోగంలో చేరినవాణ్ణి.

తమాషా ఏమిటంటే, సరిగ్గా ఆ నెలలోనే మా హెడ్మాస్టరు నాలుగో తరగతి పిల్లల కోసం ఒక పాఠం రాయమన్నాడు. అడవి జంతువులు మనిషికి ఎట్లా మాలిమి అయినాయి అన్నది విషయం. గ్రంథాలయంలో దొరికినవన్నీ చదివి, ఒక నోటుబుక్కు నిండా ఎక్కించి, దాన్ని సంచీలో పెట్టుకునే బస్సెక్కాను. మొదట కుక్క, తర్వాత మేక, గొర్రె, ఆ తర్వాత ఎద్దు అని ఒకచోట ఉంది. మనిషి వాటిని పట్టి కట్టేశాడని ఒకరు రాస్తే, ఊరి చుట్టూ పారేసిన తిండి కోసం అవే దగ్గరికి వచ్చాయని ఇంకొకరు రాశారు. అంతంత కొమ్ములున్న అడవి దున్నలాంటి జంతువు మెడ మీద మొట్టమొదట కొయ్య పెట్టిన మొనగాడు ఎవడో, అది ఎందుకు ఊరుకుందో ఎవరూ చెప్పలేదు. చదివిన కొద్దీ నాకు తికమక ఎక్కువైంది.

నా పక్కన ఆలూరు వైపు నుంచి వచ్చిన పశువుల దళారి కూర్చున్నాడు. ఖాసిం సాబు అని పేరు చెప్పాడు. కాలక్షేపంగా ఉంటుందని నా అనుమానం ఆయన ముందు పెట్టాను. ఆయన తడుముకోలేదు. "ముక్కుతాడు కనిపెట్టినోడే మొదటి రైతు. ముక్కు పట్టుకుంటే ఎంత పొగరున్న ఎద్దయినా మన మాట వింటాది" అన్నాడు. రాసుకున్నాను. వాళ్ళ వైపు పొలాల్లో పెద్ద పెద్ద బూడిద దిబ్బలున్నాయనీ, అవి రాక్షసులను కాల్చిన చోట్లని పెద్దలంటారనీ కూడా చెప్పాడు. పూర్వం మనుషులు పశువుల దొడ్లలో పేడ కాల్చగా మిగిలిన బూడిదేమో అది అని కొందరు పండితుల ఊహ. ఆ మాట చెబితే ఆయన నవ్వి, అంత పేడ పొలానికి తోలుకోకుండా కాల్చే తెలివితక్కువవాళ్ళు యాడైనా ఉంటారా అన్నాడు. అదీ రాసుకున్నాను.

నంద్యాలలో పదింటికి ఆగాము. స్టాండు ఎదుట ఇడ్లీ బాగుంటుంది, కాఫీ మాత్రం వేడి ఒక్కటే. ఆళ్ళగడ్డలో ఒక అవ్వ ఒళ్ళో మేకపిల్లతో ఎక్కింది. దానికీ టిక్కెట్టు కొట్టాలని కండక్టరు, చంటిపిల్లకు కొడతావా అని అవ్వ చాగలమర్రి దాకా వాదించుకున్నారు. మేకను ఎట్లా మచ్చిక చేసుకున్నావని అడిగాను.

"నేనేం మచ్చిక చేసినా నాయనా? దీనమ్మ సచ్చిపోతే పాలు తాపినా. ఇప్పుడు నేను యాడికి పోతే ఆడికి వస్తాది. దీన్ని ఇడ్సి నేను యాడికన్నా పోయేకి అయితాదా?" అన్నది.

ఎవరు ఎవరికి మచ్చికయ్యారో తేలక నోటుబుక్కు మూసేశాను.

రెండున్నరకు మైదుకూరులో దిగాను. బస్సులు ఆగేచోట శెట్టి అంగడి ఉంది. గంగిరెడ్డికి ఉత్తరాలు ఆ అంగడికే వస్తాయి. శెట్టి దారి చెప్పాడు. అక్కడి నుంచి రెండు మైళ్ళు కాలువ గట్టున నడక. ఎండాకాలంలో పోయేవారు నీళ్ళు వెంట తీసుకుపోవాలి, కాలువ ఉన్నంత మాత్రాన అందులో నీళ్ళుంటాయనుకోకూడదు.

గంగిరెడ్డి దుర్మార్గుడై ఉంటాడని దారి పొడుగునా ఊహించుకున్నాను. తీరా చూస్తే చొప్ప కత్తిరించి, తవుడు కలిపిన తొట్టి ముందు పెట్టి, ఎద్దును తినమని బతిమాలుతున్నాడు. యాభై ఏళ్ళ బక్కమనిషి. ఎద్దు మా అన్న దగ్గర ఉన్నప్పటికంటే చిక్కింది. తెల్లటి పక్కల మీద చెర్నాకోల వాతలు తేలి ఉన్నాయి. నన్ను చూసి చెవులు కూడా కదపలేదు.

నేను ఫలానా పంతులునని చెప్పగానే, కళ్ళారా చూపిస్తానని ఆయన తన ఎద్దును తెచ్చి, మా ఎద్దును దానికి ఎడమ పక్కన కాడికి కట్టాడు. నాగలి కదలగానే మా ఎద్దు కుడివైపుకు ఒరిగి, జత ఎద్దును నెట్టి, దాని వెనకగా పోవాలని చూసింది. పోనీయకపోయేసరికి ముందుకాళ్ళు మడిచి పండుకుంది. గంగిరెడ్డి చెర్నాకోల ఎత్తలేదు. నేను ఉన్నానని కాబోలు.

"ఈ నా నీలెద్దు జత సచ్చిపోయినప్పట్నుంచీ ఎడం పక్కకు ఎద్దును వెతుకుతాండా. మీ అన్నకు ముందే కార్డు రాయించినా, మీది ఏ పక్కదని. మాట తప్పే మనిషి కాదన్నారు. మరి ఇదేంది అయివారూ?" అన్నాడు.

ఇంట్లోకి పోయి చూరులో దోపిన కార్డు తెచ్చి నా చేతికిచ్చాడు. తనకు చదువు రాదు, శెట్టి చదివి చెప్పాడు. "నువ్వొకసారి చదువు. శెట్టి చదవడంలో ఏమన్నా తప్పుండాదేమో" అన్నాడు.

అక్షరాలు నావే, గుండ్రంగా, నల్లబల్ల మీద రాసినట్టున్నాయి. 'మా ఎద్దు ఎడమ ప్రక్కన కట్టునది' అని ఉంది. అది చూడగానే ఆ రోజు అన్న అరుగు మీద కూర్చుని చెప్పిన మాట చెవిలో మోగింది. "ఎలపటెద్దు అని రాయి." ఆ మాట నాకు మోటుగా తోచింది. పెద్దమనిషికి రాసే ఉత్తరంలో పుస్తకాల తెలుగు ఉండాలనుకున్నాను. ఎల, ఎడ, రెండూ ఒకటేనని నాకు నేనే తేల్చుకుని ఎడమ అని దిద్దాను.

ఎలపట అంటే ఏ పక్క అని గంగిరెడ్డిని అడిగాను. పొద్దు ఏ దిక్కున పొడుస్తుందని అడిగినవాణ్ణి చూసినట్టు నన్ను చూసి, కుడిచెయ్యి ఎత్తి చూపించాడు. వలపటనే మావైపు ఎలపట అంటారు. వలచెయ్యి అంటే కుడిచెయ్యి అని పిల్లలకు పదాల అర్థాలు చెప్పే నాకు, ఆ మాట ఎద్దు పక్కన వినబడేసరికి తెలియకుండా పోయింది. ఎడమ పక్కదాన్ని దాపటెద్దు అంటారని అప్పుడే విన్నాను.

కార్డు నా చేతిలోనే ఉంది. ఎలపట అని ఉంది, శెట్టి తప్పు చదివాడు అంటే సరిపోతుంది. ఆ తోవ కూడా గంగిరెడ్డే చూపించాడు. నిజం దాచుకోను, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎద్దు ఇంకా లేవలేదు. కాడి మెడ మీద ఒరిగి ఉంది.

"శెట్టి సరిగ్గానే చదివినాడన్నా" అన్నాను. "రాసింది నేను. మా అన్న ఎలపట అంటే నేను ఎడమ అని రాసినా."

తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. గంగిరెడ్డి కాడి విప్పి, తన ఎద్దును గాటికి కట్టేసి, పక్కింటి రైతు దాపటెద్దును అడిగి తెచ్చాడు. దాన్ని ఎడమ పక్కన నిలబెట్టాడు. మా ఎద్దును ఎవరూ లేపనక్కరలేకపోయింది. తనే లేచి కుడి పక్కకు వచ్చి, తల వంచి కాడి కిందికి మెడ పెట్టింది. చేను చివరి దాకా పోయి, అదిలించకుండానే తిరుగుసాలు పట్టింది.

నడి చేనులో గంగిరెడ్డి నాగలి మేడి వదిలేశాడు. ముందుకు వచ్చి వాతల మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"నువ్వు రాసినావు. నేను కొట్టినా" అన్నాడు. "దీనికి ఎవరు చెప్పాల అయివారూ?"

ఇంకా నా చేతిలోనే ఉన్న కార్డును మడిచి జేబులో పెట్టుకున్నాను.

తన నీలెద్దు కూడా ఎలపటదే గనుక మా ఎద్దు ఆయనకు పనికిరాదు. పక్కింటి రైతు ఎలపటెద్దు ముసలిదయింది. దాపటకు పనికివచ్చే తన కోడె ఒకటి మారకం ఇస్తానని అతను అడిగితే గంగిరెడ్డి ఒప్పుకున్నాడు. అట్లా శనివారం సంత తప్పింది. ఆ పూట నాకు సంగటీ ఊరిబిండీ పెట్టి, మంచం వేసిచ్చారు. నా మీద కోపం ఉన్నట్టు ఎవరూ కనబడలేదు. అది మరీ కష్టంగా ఉంది.

మర్నాడు ఎనిమిదింటి బస్సుకు బయల్దేరాను. కర్నూలుకు పోకుండా నంద్యాలలో దిగి ఆత్మకూరు మీదుగా నందికొట్కూరు బస్సు పట్టుకున్నాను. దారిలో నోటుబుక్కు తెరిచి పాఠం మొదలుపెడదామంటే మొదటి వాక్యమే పడలేదు. మనిషి ఎద్దును మాలిమి చేసుకున్నాడు అని రాస్తే ఆ మనిషిలో నేను ఉన్నానా లేనా? ఎవరో ఎప్పుడో ఎద్దుకు ఒక పక్క నేర్పి, ఆ పక్కకు ఒక మాట పెట్టారు. ఎద్దు దాన్ని మరిచిపోలేదు. నేను నేర్చుకోనే లేదు. ఇంతకు మించి ఆ ప్రయాణంలో నాకు తేలింది లేదు.

నాలుగింటికి అన్న ఇల్లు చేరాను. ఎద్దు బతికిందని ముందు చెప్పి, తర్వాత కార్డు సంగతి చెప్పాను. అన్న కర్ర పట్టుకుని కుంటుతూ ఖాళీ కొట్టంలోకి నడిచాడు. నేనూ వెంట పోయాను. గోడకు ఆనించిన కాడిని దించి నేల మీద పెట్టాడు. దాని కుడి కొస పక్కన నేలను కర్రతో తట్టి చూపించాడు.

"ఈడ నిలబడు" అన్నాడు. "తొమ్మిదేండ్లు అది ఈడే నిలబడింది."

చెప్పులు విడిచి నిలబడ్డాను. అన్న చాలనేదాకా కదలలేదు.