సుగుణకు నేను పెట్టిన పాయ, అల్లిన కథలు

ముందే చెప్తున్నాను, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. సిద్దిపేటలో మా చుట్టాలు నా మాటను సగం తగ్గించుకుని వింటారు. మీరూ అట్లాగే చదవండి.

నా భార్య సుగుణ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. కరోనా జ్వరం తగ్గిన కొన్నాళ్లకు ఒకరోజు టేపు పట్టుకుని, అప్పుడే కొలిచిన కొలత గుర్తురాక నిలబడిపోయింది. నీరసమే అనుకున్నాను. పుల్లలా అయిన మనిషి మళ్లీ నిండాలని మేక కాళ్ల పాయ, నెయ్యి, గుడ్లు కుక్కి కుక్కి పెట్టాను. మా గల్లీ వైపు మేకలు రావడం మానేశాయి.

"చాలయ్యా, కడుపుల జాగ లేదు."

"జ్వరం గుంజుకున్నదంత మళ్ల రావాలె. తిను."

బిందె ఎత్తనివ్వలేదు, గడప దాటనివ్వలేదు. ఆరు నెలలు తిరిగేసరికి తన జాకెట్లు తనకే పట్టలేదు. మతిమరుపూ పెరిగింది. ఒకసారి చాయలో చక్కెర మరిచిపోతే, ఉప్పు వేసిందని నలుగురికీ చెప్పాను. ఒక చుట్టాల పెండ్లిలో చెప్తే అందరూ నవ్వేసరికి ఆ ఉప్పును కిలో చేశాను.

ఒక పెండ్లిపిల్ల పట్టు జాకెట్ మెడ తప్పుగా కత్తిరించాక సుగుణ మిషన్ మీద గుడ్డ కప్పేసింది. అప్పుడు దవాఖానకు తీసుకుపోయాను.

"మతిమరుపు ఉందా అమ్మా?" అన్నాడు డాక్టరు.

"ఏం లేదు సార్."

"ఉంది సార్. కత్తెర చేతిల వెట్టుకొని ఇల్లంత దేవులాడుతది."

"ఆయన మాట పట్టుకోకున్రి సార్. గోరంతుంటే కొండంత జేస్తడు."

డాక్టరు నన్ను బయట కూర్చోమన్నాడు. తలుపు సందులోంచి సుగుణ గొంతు వినపడింది. "ఉంది సార్. ఆయన ముంగట జెప్తే రేపు ఇంకో పెండ్లిల కథైతది."

ఎమ్మారై నార్మల్. "వైరస్ తర్వాత కొందరికి బ్రెయిన్ ఫాగ్ వస్తది, అంటే మతికి మబ్బు పట్టినట్టైతది. దాని మీద బరువు పెరిగింది, షుగర్ బార్డర్ల ఉంది, నిద్ర సరిగ లేదు. ఇవి కూడ మెదడును మొద్దు చేస్తయి. ఒక్క గోలీతోని పోదు," అన్నాడు డాక్టరు.

అన్నం తగ్గించి కూరలు, పప్పు పెంచాం. రోజూ కొంచెం నడిపించమంటే అందులోనూ నేను అతి చేసి, మొదటి వారమే ఆమెను మంచాన పడేశాను. "మెల్లమెల్లగ పెంచమన్న గద," అని డాక్టరు కోప్పడ్డాడు.

ఇప్పుడు బరువు తగ్గింది. మిషన్ మళ్లీ నడుస్తోంది. అప్పుడప్పుడు మాట జారిపోతుంది, కొంచెం ఆగితే దొరుకుతుంది.

రోగి వెంట వెళ్లేవాళ్లకు ఒక్క మాట: డాక్టరు గదిలోంచి కాసేపు మీ అంతట మీరే బయటికి రండి.

ఇప్పుడు నా కథలకు సుగుణ కూడా నవ్వుతుంది. లేదు, ఈ మాట కల్పించాను. నేను కథ మొదలుపెడితే ఆమె ఇప్పటికీ లేచి లోపలికి పోతుంది.