తెరచాపలు దించిన రోజు పైకెక్కిన కళాసీ

అచ్చవుతోందండీ! పుస్తకం మొత్తం, ఒక్క పేజీ కూడా తీసెయ్యకుండా అచ్చవుతోంది! పొద్దున్నే మాస్టారి కూతురు ఫోన్ చేసి చెప్పగానే కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. ఎగరడం ఒక్కటే తక్కువ. డెబ్బై రెండేళ్ళ వాణ్ణి, ఎగిరితే మా అమ్మాయి తిడుతుంది. ఇంత సంతోషంలోనూ కళ్ళు తడుస్తున్నాయి, రాసిన మనిషి లేడు కాబట్టి. న్యూజిలాండ్‌లోని ఈ హెండర్సన్‌లో మా అమ్మాయి పక్కింటి మాస్టారు మూడు వారాల కిందట, పెరట్లో నిమ్మచెట్టు పక్కన కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే కన్నుమూశారు. కళ్ళద్దాలు కూడా తియ్యలేదు.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాను. తాళ్ళరేవులో ఎనిమిదో తరగతితో ఆపేసి తెరచాప ఓడ ఎక్కాను. పదహారేళ్ళు కళాసీగా తిరిగాను. రెండు వేల మూడులో అమ్మాయి దగ్గరికి వచ్చాక నా చేతికి దొరికిన తాడల్లా బట్టలారేసే తాడే. దాన్ని ముడేస్తుంటే కంచె అవతలి నుంచి ఒక ముసలాయన చూస్తూ నిలబడ్డాడు.

"ఆ ముడి ఇంట్లో నేర్చుకున్నది కాదు. మీరు ఓడ మనిషి కదూ?" అన్నాడు. ఆయన మాటలు ఇంగ్లీషులోవి. నాకు అర్థమైనట్టు తెలుగులో రాస్తున్నాను.

ఆయన బళ్ళో చరిత్ర చెప్పి రిటైరైన మాస్టారు. తల్లి రష్యా నుంచి తెచ్చిన పటం ఒకటి భోజనాల బల్ల ఎదురుగా ఉండేది. బంగారు బొత్తాల కోటు, మీసాలు, ఛాతీ నిండా పతకాలు. ఆ పటంలో ఉన్నది మాస్టారి తాతగారికి తాతగారట. పన్నెండేళ్ళకే నౌకాదళం బడిలో చేరి, తెరచాప ఓడల మీద లోకం చుట్టి, ఈ న్యూజిలాండ్ దక్షిణ దీవిలో ఒక అఖాతంలో లంగరు వేశాడట. ఇక్కడి ఆదివాసులు మావోరీలు చేపలిస్తే, బదులుగా ఇనప మేకులిచ్చాడట. తర్వాత కెప్టెనై, చివరికి అడ్మిరలై పోయాడు. ఆ జీవితాన్నే మాస్టారు పదకొండేళ్ళుగా రాస్తున్నారు.

అప్పటి నుంచి రోజూ పదింటికి నేను అక్కడే. మా అమ్మాయి నవ్వేది. "రష్యా ఓడలో మళ్ళీ డ్యూటీకెక్కావా నాన్నా? లంచ్ బాక్స్ కట్టమంటావా?"

మాస్టారు పాలు లేని టీలో జామ్ కలిపి ఇచ్చేవారు. ఛీ, ఆ రుచి తలుచుకుంటే ఇప్పటికీ నాలుక ముడుచుకుపోతుంది. మొహమాటానికి మూడేళ్ళు తాగాను. ఆయనకూ తెలుసు. "మీ మొహం చూస్తే పుచ్చిన మాంసం తిన్న రష్యా కళాసీ ఎలా ఉండేవాడో తెలుస్తోంది. రాసుకుంటానుండండి" అనేవారు.

ఆయన పని తీరు ఒకటి చెప్పాలి. ఏ రోజుకారోజు సంగతులు రాసే ఓడ లాగ్‌బుక్ నకళ్ళు రష్యా నుంచి తెప్పించి, ఒక్కో విషయాన్ని ఒక్కో కార్డు మీద ఇంగ్లీషులో రాసుకునేవారు. గాలి, వాన, తెరచాపల సంగతులు నీలం కార్డుల మీద, మనుషుల సంగతులు తెల్ల కార్డుల మీద. రెండూ వేర్వేరు ఐస్‌క్రీమ్ డబ్బాల్లో. బడిపంతులు శుభ్రం! ఓడలో గాలి వేరు, మనిషి వేరు అని ఎక్కడైనా ఉంటుందా? ఒకరోజు పట్టుబట్టి, తేదీల ప్రకారం రెండు డబ్బాలూ కలిపేయించాను. చాలా గొణిగారు.

అలా చదువుతుండగా, ఆ అఖాతంలో లంగరు వేసిన నాలుగో రోజు వచ్చింది. తెల్ల కార్డు మీద: "కళాసీ యెఫీమ్ తెరచాప ముడుస్తూ కాలు జారి పైనుంచి పడి మరణించాడు." నీలం కార్డు మీద: "గాలి లేదు. తెరచాపలన్నీ కిందికి దించి కుట్లు వేయిస్తున్నాం."

"మాస్టారూ, తెరచాపలన్నీ కింద ఉంటే, పైన వాడు ముడిచింది దేన్నండి?" అన్నాను.

ఆయన ముందు రోజు తెల్ల కార్డు తీశారు. పురుగులు పట్టిన మాంసాన్ని సముద్రంలో పారేసినందుకు యెఫీమ్‌కు కొరడా దెబ్బలు. రాసింది, కొట్టించింది, కింద సంతకం పెట్టింది ఆ పటంలో ఉన్నాయనే. మరుసటి ఏడాదే పై హోదా.

మాస్టారు లేచి పటం దించారు. "అరవై ఏళ్ళు ఈ మొహం చూస్తూ అన్నం తిన్నాను" అంటూ గరాజులోకి తీసుకెళ్ళి, గడ్డి కోసే మిషన్ వెనక గోడకేసి తిప్పి పెట్టారు. తిరిగొచ్చి, "మీకు అంత వెంటనే ఎలా తట్టింది?" అని అడిగారు.

చెప్పాను. మా అమ్మాయికి కూడా అప్పటిదాకా చెప్పని మాట. మా ఓడలో కళాసీల మీద పెత్తనం చేసే సరంగు కొట్టిన దెబ్బలకు వంటమనిషి పోతే, ఓడ పుస్తకంలో జ్వరమని రాశారు. సాక్షి సంతకం నాది. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. మాస్టారు నన్ను తిట్టలేదు, ఓదార్చలేదు. జామ్ లేని టీ తెచ్చి ముందు పెట్టి, "నేను నా వాడి సంగతి రాస్తాను. మీరు మీ వాడి సంగతి చూడండి" అన్నారు.

యెఫీమ్ అధ్యాయం రాశారు. అది చదివి, డునెడిన్‌లో ఉండే ఆయన తమ్ముళ్ళిద్దరూ అది తీసెయ్యమని రెండేళ్ళు ప్రాణం తీశారు. అంత్యక్రియల రోజు కూడా, ఒకడు సాండ్‌విచ్ నములుతూ మాస్టారి కూతురితో, "ఎవడో ఒక కళాసీ కోసం మన ఇంటి పేరు పాడుచేసుకుంటామా? ఇంక ఆయన లేడుగా, ఆ ముక్క తీసేద్దాం" అన్నాడు. శవపేటిక ఇంకా ఆ గదిలోనే ఉంది! రోత పుట్టింది. నాకొచ్చిన ముక్కల ఇంగ్లీషులోనే, "పైకెక్కి ముడవడానికి తెరచాప లేదండీ ఆ రోజు" అని గట్టిగా అనేశాను. వాడు నన్ను చెప్పుకంటిన పెంట చూసినట్టు చూశాడు. ఆ అమ్మాయి మాత్రం నా చెయ్యి పట్టుకుని, "ఆ రెండు కార్డులూ ఎక్కడున్నాయి అంకుల్?" అని అడిగింది. చూపించాను.

ఇవాళ ఫోన్లో అదే చెప్పింది. పుస్తకం మొదటి పేజీలో పటం వెయ్యరట. నీలం కార్డు, తెల్ల కార్డు పక్కపక్కన వేస్తారట, మాస్టారి చేతిరాతతోనే.

ఇంక ఈ కబురు అందరికీ చెప్పాలి. తాళ్ళరేవులో మా అన్నయ్యకి, ఓడ సంగతంటే ఆయనకి ప్రాణం. కాకినాడలో మా బావమరిదికి, నేనొక పుస్తకం పనిలో పడ్డానంటే నమ్మడు. మాస్టారి తమ్ముళ్ళిద్దరికీ, ఆ అమ్మాయి చెప్పినా సరే నేనూ ఒకసారి చెప్తాను. యెఫీమ్ తాలూకు వాళ్ళకి, ఎక్కడున్నారో, కార్డు మీద ఊరి పేరు దగ్గర సిరా అలుక్కుపోయింది. కోరంగిలో మా ఓడ వంటమనిషి కూతురికి. మీ నాన్నకి జ్వరం రాలేదమ్మా అని, ఆవిడకి మాత్రం ఫోన్లో కాదు, వెళ్ళి చెప్పాలి.