చౌరస్తాలో ఫ్లెక్సీ

మా డిగ్రీ కాలేజీలో పేద పిల్లల ఫీజుల కోసం లెక్చరర్లం నాచారం ఫ్యాక్టరీల చుట్టూ తిరిగేవాళ్లం. చివరికి ఒక యజమాని ఒప్పుకున్నాడు, ఫ్లెక్సీ కట్టాలన్న షరతు మీద. మా వైపు ఫ్లెక్సీ లేకుండా ఎవడూ రూపాయి తీయడు. ఉప్పల్ చౌరస్తాలో కట్టిన దాని మీద ఆయన నిలువెత్తున నవ్వుతున్నాడు; పక్కన చేతులు కట్టుకుని మా ఫస్టియర్ అమ్మాయి, కింద ‘నిరుపేద విద్యార్థినికి చేయూత’ అని అక్షరాలు.

మర్నాటి నుంచి ఆ పిల్ల కాలేజీకి రాలేదు. వానలో రామంతాపూర్‌లోని వాళ్లింటికి వెళ్లాను. కారుతున్న రేకుల కింద గిన్నెలు సర్దుతున్న తల్లి నన్ను కూర్చోమనలేదు.

“అందరు జూసి నవ్వుతున్నరంట సార్. ఇగ రానంటుంది. మీ పైసలు మాకొద్దు. గా ఫ్లెక్సీ దించినంక ఇయ్యిండ్రి, ఇంటి మీద కప్పుకుంటం.”