బైబిలమ్మ వెంట గురువారాలు

వినడం నా ఉద్యోగమని ఒకప్పుడు గొప్పలు చెప్పుకునేదాన్ని. ఎనభైల మొదట్లో మా ఊరి సుబేదారి పేటలో ఒక ఆఫీసులో స్టెనోగా చేరాను. ఆఫీసరు ఎంత గబగబా చెప్పినా నా పెన్సిల్ ఆగేది కాదు. ఆయన దగ్గు తప్ప అన్నీ రాసేదాన్ని. అయితే ఉత్తరం టైపు చేసి సంతకానికి పెట్టాక, "ఇంతకూ దేని గురించమ్మా ఇది?" అని హెడ్ క్లర్కు అడిగితే బిక్కమొహం వేసేదాన్ని. మాటలు చెవిలోంచి నేరుగా చేతిలోకి పోయేవి, మధ్యలో నేను ఉండేదాన్ని కాదు. అది లోపమని అప్పుడు తోచలేదు. పైగా నా స్పీడుకు అదే కారణమని మురిసిపోయేదాన్ని.

మా చర్చిలో ఒక బైబిలమ్మ ఉండేది. ఇల్లిల్లూ తిరిగి వాక్యం చదివి ప్రార్థన చేసే ఆడమనిషిని మేం అలా పిలిచేవాళ్లం. అరవై ఏళ్లుంటాయి. తెల్లచీర, భుజానికి గుడ్డసంచి, అందులో అట్ట ఊడిపోయిన బైబిలు. ఏ ఇంటికి వెళ్లినా ఆమె గంటసేపు కూర్చుంటుందనీ, బైబిలు మాత్రం చివరి ఐదు నిమిషాలే తెరుస్తుందనీ, ఒక్కోరోజు అసలు తెరవదనీ విన్నాను. మిగతా సేపంతా ఊరికే వింటుందట. చర్చి మొహం చూడనివాళ్లు, ఇంట్లో దేవుడి పటాలకు రోజూ దీపం పెట్టుకునేవాళ్లు కూడా కబురుపెట్టి మరీ పిలిపించుకునేవారు. మా పాస్టరుగారు మాట్లాడితే వినాలనిపిస్తుంది. ఆయనను వదిలేసి, మాట్లాడని ఈమెను ఎందుకు పిలుస్తారు? నాది పుట్టుకతోనే ఆరా తీసే బుద్ధి. సంగతి తేలేదాకా అన్నం సయించదు.

అవి మంచి రోజులు కావు. కాలేజీకి పోయిన పిల్లలు కొందరు సాయంత్రానికి ఇల్లు చేరేవారు కాదు. అడవి దారి పట్టారని తర్వాతెప్పుడో తెలిసేది. కొందరి సంగతి అసలు తెలిసేది కాదు. బస్సులు ఆపి సంచులు వెతికేవారు. జనానికి గొంతు తగ్గించి మాట్లాడడం అలవాటైపోయింది. అలాంటి రోజుల్లో ఇల్లిల్లూ తిరిగి వినే మనిషి ఏం వింటుందో చూడాలనిపించింది.

"పెద్దమ్మా, గురువారం నీ ఎంబడి నేను గుడ రానా?" అని బైబిలమ్మను అడిగాను.

"రా బిడ్డా. గని వచ్చి ఏం జేస్తవ్?"

"నీ లెక్కనే వాళ్ల ముచ్చట్లు ఇంట."

ఆమె నవ్వింది. "ఇనుడు గంత అల్కటి పననుకున్నవా?"

ఆఫీసు అయిపోగానే ఊరికి అవతలి చివరున్న కాశిబుగ్గకు బస్సెక్కేవాళ్లం. ప్రతి ఇంటి ముందూ ఆమె చెప్పులు విడిచి కాసేపు అలాగే నిలబడేది. ఏం జపిస్తున్నావని అడిగితే ఏమీ లేదంది. "నా ముచ్చట్లు గుడ గీడనే ఇడ్సిపెట్టాలె గద బిడ్డా. నా మోకాళ్ల నొప్పులు, రేపటి పని, అన్ని ఎంటేస్కోని లోపటికి పోతె ఇగ వాళ్ల ముచ్చటకు జాగేడిది?"

"మరి లోపట దేవుడు మాట్లాడుతడా నీతోని?"

"నాతోనైతె ఎన్నడు మాట్లాడలే. మనుషులే మాట్లాడుతరు. గదే ఇంట. నా ప్రార్థన గంతే."

ఇది నాకు మింగుడుపడలేదు. ఆమెను పరీక్షించడం మొదలుపెట్టాను. కళ్లు మూస్తే కునుకు తీస్తోందేమోనని వంగి చూశాను. గంటలో ఎన్నిసార్లు "ఊఁ" అంటుందో లెక్కపెట్టాను. అవతలివాళ్లు ఏడిస్తే ఆమె కళ్లు తడుస్తాయా లేదా అని గమనించాను. ఏడుస్తున్నవాళ్లను మాత్రం అంతగా గమనించలేదు, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ ఇళ్లలో ఒకటి నేతపనివాళ్లది. ముందుగదిలో భర్త మగ్గం నేసేవాడు. పక్కనే గోడవారగా భార్య రాట్నం తిప్పుతూ కండెలకు నూలు చుట్టేది. ఆ గోడ అవతల పక్కింటివాళ్లు. ఒక్కడే కొడుకు, డిగ్రీ చదువుతూ ఉండగా కనబడకుండా పోయాడు. భీవండిలో మగ్గాల పనికి పోయాడని వాడకట్టుకు చెప్పుకున్నారు. ఆ తల్లికి ఒక అలవాటు ఉండేది. మామూలు మాటలప్పుడు రాట్నం ఆగినా, కొడుకు మాట వచ్చేసరికి మాత్రం గిరగిరా తిప్పేది. ఆ మోతలో సగం మాటలు నాకు అందేవి కావు. అందని మాట ఉంటే స్టెనోకు ప్రాణం పోయినట్టుంటుంది.

ఒక గురువారం నేను ఆగలేకపోయాను. "చిన్నమ్మా, జర రాట్నం ఆపుతవా? సక్కగ ఇనొస్తలేదు."

ఆమె ఆపింది. గోడ వైపు చూసింది, పెద్దమ్మ వైపు చూసింది. "తిప్పనియ్యి బిడ్డా" అని పెద్దమ్మ అంటూనే ఉంది. ఆ తల్లి నన్ను కాదనలేక ముందుకు వంగి, గొంతు తగ్గించి చెప్పింది. "ఎనిమిది నెలలాయె. అడివిల ఉన్నడని మనిషి వచ్చి చెప్పిపోయిండు. బతుకమ్మ దినాలల్ల మందిల కలిసి ఒక్కపారి వచ్చిపోతనన్నడట. కండ్లార జూస్తె చాలక్కా. ఇంకేం అడగ."

నాకు ఒక్క మాట కూడా తప్పిపోలేదు.

మా చర్చిలో ఆదివారం ప్రార్థన విన్నపాలు చదివే ఆనవాయితీ ఉంది. ఎవరి కష్టం వాళ్లు చీటీ మీద రాసిస్తే ఒకరు ముందు నిలబడి బిగ్గరగా చదువుతారు, అందరూ ఆమెన్ అంటారు. యువతుల సంఘం తరఫున చదివేది నేనే. రాయరానివాళ్లకు రాసిపెట్టేదీ నేనే. ఆ ఆదివారం ఎవరూ అడక్కుండా ఒక చీటీ నాకు నేనే కలిపాను. "కాశిబుగ్గలో ఒక తల్లి. అడవికి వెళ్లిన ఆమె కొడుకు బతుకమ్మ పండుగకు క్షేమంగా ఇల్లు చేరాలని." పేరు రాయలేదు. ఎంత జాగ్రత్తపరురాలినో అనుకున్నాను. చివరి మాట ఒత్తి చదివాను. ఆమెన్ అన్న శబ్దం పైకప్పుకు తగిలింది.

మా చర్చిలో ఎవరూ చెడ్డవాళ్లు కారు. మధ్యాహ్నం అన్నాలు తింటూ ఆ తల్లి ఎవరై ఉంటుందా అని జాలిపడ్డారు. బైబిలమ్మ గురువారాలు ఎవరింటికి పోతుందో ఒకరికి గుర్తొచ్చింది. సోమవారానికి ఆ జాలి బజారుకెక్కింది. మంగళవారం ఆ ఇంటి ముందు పోలీసు జీపు ఆగింది. తండ్రిని తీసుకుపోయి రెండు రోజులు కూర్చోబెట్టి పంపారు. ఆ తర్వాత పండుగ తొమ్మిది రోజులూ గల్లీ మొదట్లో ఉన్న చాయ్ హోటల్లో ఎవరో ఇద్దరు కొత్త మనుషులు పొద్దంతా కూర్చున్నారు. కొడుకు రాలేదు. నేను ఆ ఇంటికి వెళ్లివస్తూ ఉన్న ఏళ్లన్నిటిలో ఏ పండుగకూ రాలేదు.

జీపు సంగతి తెలిసిన రోజే పెద్దమ్మ దగ్గరికి పరుగెత్తాను. "పేరు రాయలే పెద్దమ్మా! పేరు రాయనే లేదు!" అని ఏడ్చాను. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

"గోడవతలోల్లకు ఇనబడొద్దనే ఆమె రాట్నం తిప్పుతది బిడ్డా," అంది.

ఆ తల్లి చెప్పిన ప్రతి మాటా విన్నాను. ఆమె ఎంత భయపడుతూ చెప్పిందో వినలేదు. "ఇగ నేనేం జెయ్యాలె?" అని అడిగాను.

"గురువారం రా. ఆమె తిడ్తది. ఇను."

మొదటి గురువారం నన్ను చూసి ఆ తల్లి తలుపు వేసుకుంది. రెండోసారీ అంతే. పండుగ అయిపోయాక మూడోసారి తలుపు తీసింది. లోపలికి వెళ్లి పెద్దమ్మ పక్కన చాప మీద కూర్చున్నాను.

"సదువుకున్నవ్, నౌకరి జేస్తున్నవ్, సోయి లేదా? నిన్ను జూసి చెప్పిన్నా నేను? అక్క ఎంబడి వచ్చినవని చెప్పిన. మా ఇంటాయన మగ్గంల కూసుంటె చెయ్యి ఆడుతలేదు. నా కొడుకు వచ్చే తొవ్వ మూసినవ్ గదనే!"

పేరు రాయలేదని చెప్పాలని నోరు తెరవబోయాను. పెద్దమ్మ నా వైపు చూడను కూడా చూడలేదు. నోరు మూసుకున్నాను. మంచికే చదివానని, పోలీసులకు నేను చెప్పలేదని, ఒకటి తర్వాత ఒకటి జవాబులు లోపల తయారవుతూనే ఉన్నాయి. ఒక జవాబు తయారు చేసుకునేలోపు ఆమె మాటలు రెండు పోతున్నాయని అప్పుడు గమనించాను. వింతగా అనిపించింది. ఇన్నాళ్లూ నేను ఇలాగే విన్నానా? జవాబులు మానేసి చూద్దామనుకున్నాను. చాలా కష్టమైంది. ఆఖరికి అవి వాటంతట అవే సద్దుమణిగాయి.

అప్పుడు ఆమె తిట్లలో కొడుకు కనబడసాగాడు. పప్పులో ఉల్లిగడ్డ ఏరి పక్కన పెట్టేవాడట. చిన్నప్పుడు కుక్క కరిస్తే దవాఖానకు పోనని మంచం కింద దూరాడట. పోయేముందు రోజు అమ్మ చీర కొంగు పట్టుకుని ఊరికే కూర్చున్నాడట. నన్ను తిడుతూనే ఇవన్నీ చెప్పింది. ఇన్ని నెలలుగా గొంతు తగ్గించి మాట్లాడిన మనిషి ఆ రోజు గోడ సంగతి మరిచిపోయి అరిచింది. నేను తల దించుకోకుండా ఆమె మొహమే చూస్తూ విన్నాను.

చాలాసేపటికి ఆగింది. కొంగుతో మొహం తుడుచుకుని అడిగింది. "గా దినం మీ చర్చిల ఎంతమంది ఉండిరి?"

"నిండుగ ఉండె చిన్నమ్మా. రెండు వందల దాక ఉంటరు."

"నువ్వు సదివినంక వాళ్లేమన్నరు?"

"ఆమెన్ అన్నరు."

"గదేంది?"

"గట్లనే కావాలె అని."

"అందరన్నరా?"

"అందరన్నరు."

"నా కొడుకు ఇంటికి రావాలని గంతమంది అన్నరా!" అంది. "ఈ గల్లీల ఒక్కలు గుడ అనలే బిడ్డా. నేను చెప్పుకుంటె గద అనేందుకు."

అప్పుడు ఏడ్చింది. వాడు రాకుండా పోయినందుకు ఏడుస్తోందా, అంతమంది వాడు రావాలన్నందుకు ఏడుస్తోందా, నాకు తెలియలేదు. అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు.