రెండు సీట్ల కారు, ముగ్గురు మర్యాదస్తులు

మర్యాద చేసి ఇబ్బంది పడ్డవాళ్ళు మా కోనసీమలో ఇంటికొకరుంటారు గానీ, మర్యాద చేసి ఏకంగా కారు పోగొట్టుకున్నవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

మస్కట్‌లో డ్రైవరుగా చేసిన రోజుల్లో మా యజమానికి పాతకాలపు ఇంగ్లీషు స్పోర్ట్సు కారు ఒకటుండేది. టాపు లేదు, సీట్లు రెండే. తుడవడం నా వంతు, తోలడం ఆయన వంతు. ఎప్పటికైనా అలాంటిది కొనుక్కుని దర్జాగా తోలాలని నా కోరిక. తిరిగొచ్చి మామిడికుదురులో రొయ్యల చెరువు చూసుకుంటున్నా ఆ పిచ్చి వదల్లేదు. ఇంతలో కొత్తపేటలో శేషగిరిగారనే పెద్దాయన సరిగ్గా అలాంటి కారే అమ్ముతున్నారని తెలిసింది. ఆయన ఊటీ వైపు టీ తోటల్లో మేనేజరుగా చేసి రిటైరైనవారు.

నేను వెళ్ళేసరికి పసిపిల్లకి నీళ్ళు పోసి తుడిచినట్టు కారుని తుడుస్తున్నారు. ఆకుపచ్చ రంగు. మా నాన్న నిక్కర్లేసుకునే కాలం నాటిది.

"ఇది అమ్మకం కాదండి, అప్పగింత," అన్నారాయన. "మోకాళ్ళ నొప్పులతో నేను ఎక్కలేకపోతున్నాను. దీనిమీద మనసున్నవాళ్ళకే ఇస్తాను. రావులపాలెం నుంచి ఇద్దరొచ్చేరు. పెళ్ళిళ్ళకి అద్దెకి తిప్పుతామన్నారు. పంపించేసేను."

"ప్రాణంలా చూసుకుంటానండి."

"ఆయ్. అయితే కాలవ గట్టు మీద ఓసారి తిరిగి రండి. నచ్చితే మీదే."

గట్టెక్కాను. అబ్బ, ఏం చెప్పమంటారు! కారు ఎంత కిందకుందంటే, దారిలో మేకలు నా కళ్ళలోకి కళ్ళు పెట్టి చూశాయి. నేను మాత్రం ఆకాశంలో ఉన్నాను. అలా ఉండగా మా ఆవిడ మేనమామ సూర్యారావుగారూ, అత్తయ్యగారూ ఎండలో ఆటో కోసం నిలబడి కనిపించారు. అత్తయ్యగారి చంకలో పనసకాయ.

మా వైపు పెద్దవాళ్ళు ఎండలో నిలబడితే బండి ఆపకుండా పోవడమంటే పెళ్ళిభోజనంలో విస్తరి ముందునుంచి లేపేసినంత తప్పు. కాలు దానంతటదే బ్రేకు తొక్కింది. నోరు దానంతటదే, "రండి మావయ్యగారూ, దింపేస్తాను" అంది. సీట్లు లెక్కపెట్టే పని మాత్రం ఏ అవయవమూ చెయ్యలేదు.

"అత్తయ్యని తీసుకెళ్ళండి అల్లుడుగారూ. నేను ఆటోలో వచ్చేస్తాను," అన్నారు మావయ్యగారు.

"అదేం మాటండీ? మీరెక్కండి."

"ఆయన్ని తీసుకెళ్ళండి బాబూ. నాకు ఎండ అలవాటే," అన్నారు అత్తయ్యగారు, పనసకాయని రెండో చంకలోకి మార్చుకుంటూ.

ఇద్దర్లో ఎవర్ని వదిలేసినా ఇంటికెళ్ళాక మా ఆవిడకి ఏం చెప్పను? ఆలోచించి ఆలోచించి, దిగాను.

"మావయ్యగారూ, మీకు డ్రైవింగు వచ్చుగా?"

"అంబాసిడర్ తోలి తోలి చేతులు కాయలు కాసేయండి."

"అయితే మీరిద్దరూ ఎక్కండి. మీరు వెళ్ళేది కొత్తపేటేగా. శేషగిరిగారింటి దగ్గర పెట్టెయ్యండి, నేను నడిచొచ్చేస్తాను."

"మీకు శ్రమ కదండీ?"

"భలేవారే. నడక మంచిదండి."

కారు వెళ్ళిపోయింది. వెనకనుంచి మావయ్యగారి బట్టతల ఎండకి మెరుస్తుంటే, ఎంత మంచి పని చేశానని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

చెమటలు కక్కుకుంటూ నేను చేరేసరికి, అరుగు మీద ముగ్గురూ కాఫీ తాగుతున్నారు. కారు తాళం మావయ్యగారి జేబులో ఉంది.

"మీరెలా వెతికి పట్టేరండీ ఇలాంటి బండి!" అన్నారాయన. "ఎక్కగానే మనసు లాగేసింది. అమ్మకానికుందని ఇక్కడికొచ్చాకే తెలిసింది. శేషగిరిగారు ఒప్పుకున్నారు. రేపే తీసుకెళ్ళిపోతున్నాం."

నేను శేషగిరిగారి వైపు చూశాను. ఏడవాలనిపించింది, నిజంగా.

"అదేంటండీ, నాకిస్తానన్నారు కదా?"

ఆయన నొచ్చుకున్నారు. "మనసున్నవాళ్ళకే ఇస్తానన్నానండి. మనసు పడ్డవాడు సగం దారిలో దిగి స్టీరింగు ఇంకొకరి చేతిలో పెడతాడా? మీకు నచ్చక, చెప్పడానికి మొహమాటపడి, మావయ్యగార్ని పంపేరనుకున్నాను."

"అల్లుడుగారూ, మీకు కావాలంటే చెప్పండి. ఇచ్చేస్తాను," అన్నారు మావయ్యగారు.

చూశారా, ఇక్కడైనా బాగుపడొచ్చు. నోరు తెరిచాను.

"అయ్యో, లేదండీ. మీ దగ్గరుంటే నా దగ్గరున్నట్టే."

అందుకే, ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా: ఇకమీదట నేను కారు తోలుతుండగా దారిలో ఎవరు నిలబడ్డా, వాళ్ళు సాక్షాత్తూ మా అత్తవారి వైపువాళ్ళే అయినా, ఆపను గాక ఆపను. ఇది నా భీషణ ప్రతిజ్ఞ. ఇంతవరకూ ఒక్కసారి కూడా తప్పలేదు. తోలడానికి కారుంటేగా.