ఖాతా బదిలీలో తప్పు హైమగారిది కాదు

2022 చలికాలం చివర నేను స్కార్‌బరోలో ఒక బ్యాంకు బ్రాంచిలో అడ్వైజర్‌ని. వచ్చేవాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. గదిలో కూర్చున్నాక ముందు ఊరి కబుర్లు, తర్వాతే ఖాతా సంగతి.

హైమగారూ అలా వచ్చినవారే. భర్త భాస్కర్ గారికి వాటర్లూలో ఉద్యోగం, ఇంటికి శని ఆదివారాలే. ఇంటి డబ్బు వ్యవహారమంతా ఆవిడే చూసేవారు. ఇంకో బ్యాంకులో ఉన్న తన టీఎఫ్ఎస్ఏని మా దగ్గరికి మార్చుకుందామనుకున్నారు. టీఎఫ్ఎస్ఏ అంటే రాబడి మీద పన్ను పడని పొదుపు ఖాతా. అందులో ఎంత వేయవచ్చో ప్రభుత్వం పరిమితి పెడుతుంది. డబ్బును ఒక బ్యాంకు నేరుగా ఇంకో బ్యాంకుకి పంపితే అది ట్రాన్స్‌ఫర్; పరిమితి జోలికి రాదు. మనమే తీసి తీసుకెళ్ళి వేస్తే మాత్రం కొత్తగా వేసినట్టే. తీసినంత మళ్ళీ వేసే వీలు వచ్చే జనవరికి గాని రాదు. ఈలోగా పరిమితి దాటిన సొమ్ము మీద నెలనెలా జరిమానా. హైమగారి పరిమితి అప్పటికే నిండిపోయి ఉంది.

ట్రాన్స్‌ఫర్‌కి వారాలు పడుతుంది. మా ప్రత్యేక వడ్డీ ఆ శుక్రవారంతో ముగుస్తోంది. నేను తేవాల్సిన డిపాజిట్ల టార్గెట్‌కి గడువూ అదే.

"అన్నయ్యగారూ, నేనే వెళ్ళి చెక్కు రాయించుకొచ్చేస్తే? తిరకాసేం లేదుగా?"

"మీ డబ్బేగా అమ్మా! ఆ జేబులోంచి ఈ జేబులోకి. తెచ్చేయండి."

"పేపర్లు చదవాలా?"

"నేనున్నాగా."

నిబంధన నాకు తెలియక కాదు. బయటివాళ్ళకైతే ప్రతి వాక్యం చదివి వినిపించేవాణ్ణి. మనవాళ్ళ దగ్గర మొహమాటం. చదివితే నమ్మకం లేనట్టుంటుందని వాళ్ళు అడగరు, మనం చెప్పం. ఆ రోజు ఆ మొహమాటం నాకు కలిసొచ్చింది.

మరుసటి ఏడాది పన్నుల శాఖ నుంచి జరిమానా వచ్చింది. హైమగారు నా పేరెత్తలేదు. తొందరపడింది తానేనని భర్తతో అన్నారట. భాస్కర్ గారు లెక్కలన్నీ తన చేతిలోకి తీసుకున్నారు. తలా ఒక వంటకం తెచ్చుకునే ఒక పాట్‌లక్ విందులో అందరి ముందూ, "మా ఆర్థిక మంత్రిగారిని పదవి నుంచి దించేశానండోయ్! ఇప్పుడు కొత్తిమీర కట్టకీ నా అనుమతి కావాలి" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. హైమగారు పులిహోర వడ్డిస్తూ నా ప్లేటులోనూ వేశారు.

ఆ జోకు ఎవరింట కలిసినా వినబడేది. కిందటేడు ఒక చోట హైమగారు కారు ఇన్సూరెన్స్ గురించి ఏదో అనబోతుంటే వాళ్ళమ్మాయి, "మమ్మీ, ప్లీజ్, లెట్ డాడ్ హ్యాండిల్ ఇట్" అంది. హైమగారు లేచి ఖాళీ ప్లేట్లు తీయసాగారు. ఆ వారంలోనే వాళ్ళింటికి వెళ్ళి భాస్కర్ గారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. జరిమానా మాఫీకి అర్జీ పెట్టుకుంటే, తప్పు సలహా నాదేనని రాసిస్తానన్నాను.

ఆయన ఇబ్బందిగా నవ్వారు. "పోనీండి, అయిపోయిందేదో అయిపోయింది. ఎవరు చేస్తేనేం?"

"ఎవరు చేస్తేనేమా?" హైమగారు వంటింట్లోంచి వచ్చారు. "ఇన్నాళ్ళూ నన్ను చూపించి నలుగుర్నీ నవ్వించారే, అప్పుడు అనిపించలేదా ఎవరు చేస్తేనేం అని?" తర్వాత నా వైపు తిరిగారు. "మీ ఉద్యోగం పోతుందని నేను ఊరుకున్నా అన్నయ్యగారూ. మీరూ ఊరుకుంటారనుకోలేదు."

కాఫీ ఇచ్చారు. తాగి వచ్చేశాను.

కొన్ని వారాలకు మరో బ్యాంకు నుంచి మా బ్రాంచికి ట్రాన్స్‌ఫర్ అభ్యర్థన వచ్చింది. హైమగారి టీఎఫ్ఎస్ఏని మా దగ్గర్నుంచి అక్కడికి పంపమని, నేరుగా, పద్ధతి ప్రకారం. ఆవిడే స్వయంగా పెట్టుకున్నారు. నేనే పూర్తి చేసి పంపించాను.

ఇప్పుడు మనవాళ్ళెవరొచ్చినా నిబంధనలు మొదటి నుంచీ చదువుతాను. "మనలో మనకి ఇవన్నీ ఎందుకండీ" అంటారు. కొందరు ఫోను చూసుకుంటారు. చివరి వాక్యం దాకా చదివాకే సంతకానికి పెన్ను ఇస్తాను.