ముప్పై ఒక్క ఎర్ర చేతులు

పోయిన నెల మా హోమ్‌లో దెయ్యం పడింది. దాన్ని పట్టుకున్నది కూడా నేనే. పట్టుకున్నాకే అసలు భయం మొదలైంది. ఏం జరిగిందో చెప్తాను, టీ తాగుతూ వినండి, మధ్యలో మాత్రం నవ్వొద్దు.

నా ఉద్యోగం సంగతి తెలియనివాళ్ళకి చెప్తున్నాను. తిరుపతి ఊరవతల ఆడపిల్లల హోమ్‌కి సూపరింటెండెంటుని. ఎవరూ లేని పిల్లలు, ఉన్నా ఇంటికి పోలేని పిల్లలు మా దగ్గర ఉంటారు. ప్రేయర్ హాల్లో పెద్ద గోడ ఒకటి బోసిగా ఉంటే, అక్కడ ఏదైనా మంచి ఆర్ట్ పెట్టించమని పై ఆఫీసు నుంచి లెటర్ వచ్చింది. కమిటీ వేశాం. ఒకాయన నెమళ్ళు వేయిద్దామన్నాడు. ఒకావిడ జాతీయ నాయకులంది. నాకు ఒళ్ళు మండింది. "పిల్లలుండే చోట పిల్లల బొమ్మలు వేయిస్తే ఏం పోయింది?" అని గట్టిగా అనేసరికి అందరూ సరే అనేశారు. నేను గట్టిగా అంటే అందరూ సరే అంటారు. అదే నా జబ్బు.

కాళహస్తి నుంచి మునిరత్నం అనే కలంకారీ ఆయన్ని పిలిపించాను. ఇరవై అడుగుల గుడ్డ మీద మా పిల్లలందరినీ గీయాలి. కానీ ఒక రూలుంది. హోమ్ పిల్లల మొహాలు బయటివాళ్ళకి తెలియకూడదు. మునిరత్నం కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"అట్లయితే ఎనక నుంచి గీస్తా మేడమ్. జడలు సూసి ఎవురిది వాళ్ళు గుర్తుపట్టుకుంటారు."

భలే ఐడియా అనుకున్నాను. ముప్పై ఒక్కమంది ఆడపిల్లలు మనకి వీపు పెట్టి, కొండ వైపు చూస్తూ, కదలకుండా నిలబడి ఉంటే ఎలా ఉంటుందో గీసిన తర్వాత తెలిసింది. ఇప్పుడు ఇటు తిరుగుతారేమో అని చూస్తూ ఉండిపోతాం. తిరగరు. అదేదో నాకు మొదటిరోజు నుంచే కొంచెం తేడాగా అనిపించింది. పైకి మాత్రం "సూపర్" అన్నాను.

బొమ్మలు గీయడం అయిపోయాక రేణుక వచ్చింది. పదిహేనేళ్ళు, నా అంత పొడుగు, తలనీలాలిచ్చి ఎన్నాళ్ళో కాలేదేమో వేలెడు జుట్టు. ఆ పిల్లకి మాది మూడో హోమ్. పిలిస్తే వస్తుంది, పొమ్మంటే పోతుంది, మాట మాత్రం లేదు. మునిరత్నం గుడ్డ చివర మిగిలిన సందులో ఆ పిల్లని కూడా గీశాడు, పొట్టి జుట్టుతో, అందరికీ కొంచెం ఎడంగా.

పనంతా మా వెనక పెరట్లోనే. కరక్కాయ, గేదె పాలలో నానబెట్టిన గుడ్డ కాబట్టి హోమ్ అంతా ఒక వింత వాసన. నల్ల గీతలయ్యాక, శనివారం నాడు పిల్లల రిబ్బన్లకి మాత్రం పటిక నీళ్ళు పూశాడు. పూసినా ఏమీ కనపడలేదు.

"ఇప్పుడేం తెల్దు మేడమ్. ఎరుపుకేసే వేర్లూ చెక్కలూ ఏసి ఉడికించినామంటే, పటిక తగిలిన చోటంతా ఎరుపు లేస్తాది. తగలని చోట ఏమీ పట్టదు" అన్నాడు.

మంగళవారం పొద్దున ఉడికించాడు. పెరట్లో రాగి అండా, కింద కట్టెల పొయ్యి, పిల్లలంతా చుట్టూ నిలబడ్డారు. నీళ్ళు ముదురు ఎరుపుగా కుతకుతలాడుతున్నాయి. రెండు కర్రలతో గుడ్డని పైకి లేపాడు. ముందు రిబ్బన్లు కనపడ్డాయి, ఎర్రగా, ముద్దుగా! పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు ఒక్కసారిగా ఆగిపోయాయి.

మొదటి పిల్ల నెత్తిమీద చెయ్యి. ఎర్ర చెయ్యి, ఐదు వేళ్ళూ విచ్చుకుని. రెండో పిల్ల నెత్తిమీద ఇంకోటి. మూడో పిల్లకి ఇంకోటి. మునిరత్నం లేపుతున్న కొద్దీ ఒక్కో తల, ఒక్కో చెయ్యి వస్తూనే ఉన్నాయి. ఆవిరిలోంచి అవి పైకి వస్తుంటే నేను రెండడుగులు వెనక్కి వేశాను.

మునిరత్నం కర్ర వదిలేశాడు. "ఇది నా చెయ్యి కాదు మేడమ్. నేను ఈడ పటిక పూయనే లేదు."

మా వంట గంగమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. "ఎవురో వచ్చి బిడ్డల్ని ఎంచుకోని పోయినట్టుండాదే తల్లీ!"

అంతే. ఆ మాట చాలు. మధ్యాహ్నానికల్లా ఇద్దరికి జ్వరం. నలుగురికి నెత్తిమీద దురద, అదీ బొమ్మలో చెయ్యి ఉన్నచోటే! గుడ్డని ఆరబెట్టి ప్రేయర్ హాల్లో వేలాడదీశాక అందులోకి ఎవరూ రారు. వరండాలో తింటారు, అదీ గోడకి వీపు ఆనించుకుని. బాత్రూముల దగ్గర రోజూ జరిగే గొడవలు లేవు, అరుపులు లేవు. ఇన్నేళ్ళు "నోర్మూయండే" అని అరిచినదాన్ని నేను. వాళ్ళు నిజంగా నోర్మూసుకునేసరికి, ఏదో ఒకటి మాట్లాడండే అని నేనే బతిమాలాను.

"దెయ్యాల్లేవు, గియ్యాల్లేవు" అని మర్నాడు అందరికీ లెక్చరిచ్చాను. ఇచ్చి నా రూముకి పోవాలంటే ప్రేయర్ హాలు దాటాలి. గోడకి వేలాడదీసిన ఆ గుడ్డ వైపు చూడకుండా, ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుని ఎండ్రకాయలాగా పక్కవాటుగా నడిచాను. పట్టపగలు పన్నెండు గంటలకి! ఇంకో సంగతి, ఉతికి ఆరేసిన కొద్దీ ఆ ఎరుపు ఇంకా ఇంకా తేలింది. కలంకారీలో అట్లాగే అవుతుందని మునిరత్నం చెప్తూనే ఉన్నాడు. చెప్తూ చెప్తూ ఆయన కూడా మెళ్ళో తాయెత్తు పట్టుకున్నాడు.

అన్నిటికంటే భయపెట్టింది ఏంటో తెలుసా? ధైర్యం చేసి ఒకసారి దగ్గరికి పోయి చూశాను. ఆ చేతిని ఎక్కడో చూసినట్టుంది. రోజూ చూస్తున్నట్టే ఉంది. ఎక్కడో గుర్తు రావట్లేదు. గబగబా వెనక్కి వచ్చేశాను.

బుధవారం సాయంత్రం లావణ్య అని పదేళ్ళది, వరండా కిటికీలోంచి గుడ్డని చూస్తూ అంది, "మేడమ్, అందరికీ చెయ్యి ఉండాది. రేణుకక్కకి ఒక్కదానికే లేదు."

అందరూ రేణుక వైపు తిరిగారు. ఆ పిల్ల తల దించుకుంది.

నా బుర్ర అప్పుడు పని చేసింది. అంటే, పని చేసిందని నేను అనుకున్నాను. పటిక తగిలితేనే కదా ఎరుపు? అయితే దెయ్యం కాదు, మనిషే. శనివారం మధ్యాహ్నం పిల్లలంతా స్కూల్లో ఉన్నారు. రేణుకకి ఇంకా అడ్మిషన్ రాలేదు, హోమ్‌లోనే ఉంది. తన బొమ్మని మాత్రం వదిలేసింది. ఇంకేం కావాలి? దొంగ దొరికింది! దెయ్యం కాదని తేలేసరికి నాకు ఎంత ధైర్యమొచ్చిందంటే, ఆ ధైర్యమంతా ఆ పిల్ల మీద చూపించాను.

"నువ్వే చేశావు. ఒప్పుకో."

మాట లేదు.

"చిన్నపిల్లలు జ్వరాలతో పడున్నారు. తమాషాగా ఉందా నీకు? ఒప్పుకుంటావా, లేదా?"

కాలి బొటనవేలితో నేల గీస్తోంది. నాకు తిక్క రేగింది. ఈ పిల్ల ఇక్కడ ఇమడలేదు, వేరే హోమ్‌కి మార్చండని అప్పటికప్పుడు లెటర్ రాసి సంతకం కూడా పెట్టాను. శుక్రవారం ఆఫీసరు గారు గోడ చూడ్డానికి వస్తున్నారు. ఆయన చేతికే ఇచ్చేద్దామనుకున్నాను.

గురువారం పొద్దున నా రూము ముందు రేణుక బ్యాగు సర్దుకుని, ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. నేను చెప్పనే లేదు! ఎలా తెలిసిందో. బహుశా అలవాటేమో.

"యాడికి పంపిస్తారు మేడమ్?" అంది.

ఏడవలేదు, బతిమాలలేదు. బస్సెప్పుడు అని అడిగినట్టు అడిగింది. నేను మాత్రం బెట్టు వదల్లేదు. అనుమానం లేకుండా తేల్చేద్దామని చెయ్యి పట్టుకుని ప్రేయర్ హాల్లోకి తీసుకుపోయాను. పిల్లలంతా కిటికీల దగ్గర గుమిగూడారు.

"పెట్టు నీ చెయ్యి. దాని మీద పెట్టి చూపించు."

రేణుక గుడ్డ మీది ఎర్ర చేతి మీద తన చెయ్యి పెట్టింది. సైజు దాదాపు సరిపోయింది! కిటికీల దగ్గర ఒక్కసారిగా "అమ్మో" అన్నారు. నేను విజయం సాధించినట్టు అందరి వైపూ చూశాను.

"మేడమ్" అంది రేణుక మెల్లగా. "దీనికి చిటికెన వేలు బయటికి పోతాండాది. నాది నేరుగా ఉండాది."

చూశాను. నిజమే. ముప్పై ఒక్క చేతులకీ చిటికెన వేలు కొసన వంకర తిరిగి ఉంది.

చిన్నప్పుడు సైకిలు మీంచి పడి నా చిటికెన వేలు విరిగింది. పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించారు. విప్పొద్దని అంతమంది చెప్పినా వినకుండా మూడోరోజే నేను విప్పేసుకున్నాను. అప్పటి నుంచి అది అట్లాగే బయటికి వంకర తిరిగి ఉంటుంది. ఆ వంకర వేలున్న చెయ్యిని మెల్లగా చీర కొంగులో దాచుకున్నాను. అప్పుడు అంతా గుర్తొచ్చింది.

శనివారం. మధ్యాహ్నం అన్నం తిన్నాను. కుళాయిలో నీళ్ళు రాలేదు. పెరట్లో మునిరత్నం బకెట్ నిండా తేటగా నీళ్ళున్నాయి. చెయ్యి కడుక్కున్నాను. ఎండ మండిపోతోందని కర్చీఫు కూడా అందులోనే ముంచి మెడ తుడుచుకున్నాను. మునిరత్నం భోజనానికి పోయాడు, దండెం మీద గుడ్డ ఆరుతోంది. నాకేమో రోజూ సాయంత్రం పిల్లల్ని నెత్తిమీద చెయ్యేసి లెక్కపెట్టే అలవాటు. ఊరికే, సరదాగా, తడి కర్చీఫు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ బొమ్మల్ని లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు... ముప్పై ఒకటి. ఎన్నాళ్ళ నుంచో మా లెక్క ముప్పై ఒకటే. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ పక్కన ఎడంగా ఇంకో పిల్ల నిలబడి ఉన్నా నా కంటికి ఆనలేదు.

దెయ్యం చెయ్యని తప్పు ఇది. నేను చేసింది.

"నువ్వు చూశావా?" అని అడిగాను.

"చూసినా మేడమ్. బట్టలు ఆరేస్తా ఉన్నా."

"మరి చెప్పలేదేమే?"

"మీరు అడగలేదు గదా. నువ్వే చేసినావు, ఒప్పుకో అన్నారు."

అక్కడే నేలలోకి దిగిపోతే బాగుండనిపించింది. మనసు ఎంత పిండేసిందంటే, ఆ ఎర్ర చేతుల ముందే, ఆ పిల్లలందరి ముందే రేణుక రెండు చేతులూ పట్టుకున్నాను. "నాదే తప్పమ్మా. నిన్ను లెక్కలో వదిలేసిందీ నేనే, నింద వేసిందీ నేనే. క్షమించు" అన్నాను. ట్రాన్స్‌ఫర్ లెటరు అక్కడే చింపేశాను. తర్వాత అందరికీ కొంగులోంచి చెయ్యి తీసి చూపించాను. ముందు లావణ్య కిసుక్కుమంది. ఇంక చూడండి! జ్వరం పిల్లలు కూడా మంచాల మీంచి లేచి వచ్చి నా వేలు కొలుచుకున్నారు. గంగమ్మయితే "దిష్టి తీసినానే మేడమ్, నా గుమ్మడికాయ పోయెనే" అని ఒకటే గొణుగుడు.

చెయ్యి కడుక్కున్న సంగతి వాళ్ళకి చెప్పాను గానీ, ఇంకోటి మాత్రం మింగేశాను. ఆ బకెట్ నీళ్ళతో నేను నోరు కూడా పుక్కిలించాను. పరమ ఒగరు! బోరు నీళ్ళు పాడైపోయాయని ప్లంబర్ని ఫోన్లో తిట్టి, పై ఆఫీసుకి కంప్లైంట్ కూడా పంపాను. సూపరింటెండెంటు అన్నాక కొంచెమైనా మర్యాద మిగలాలి కదా.

రేణుకని అడిగాను, "నీ బొమ్మ మీద కూడా చెయ్యి పెట్టనా? వద్దంటే వద్దు."

బ్యాగు తీసుకుపోయి లోపల పెట్టొచ్చింది. "పెట్టండి" అంది.

గురువారం సాయంత్రమే మునిరత్నం మళ్ళీ పొయ్యి వెలిగించాడు. ఈసారి నేను తెలిసి పటికలో చెయ్యి ముంచి, ఆ పొట్టి జుట్టు మీద ఆనించాను. అండాలోంచి గుడ్డ పైకొస్తుంటే ముప్పై రెండో చెయ్యి కోసం పిల్లలు మెడలు చాపి చూశారు. అది కనపడగానే పెట్టిన కేకలకి పక్క వీధి వాళ్ళు గోడ ఎక్కారు.

శుక్రవారం ఆఫీసరు గారొచ్చారు. గోడ ముందు చాలాసేపు నిలబడ్డారు. ప్రతి పిల్ల నెత్తిమీదా ఒక చెయ్యి! కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఎంత లోతైన ఆలోచనమ్మా! ఎవరిది ఈ కాన్సెప్టు?"

నేను గొంతు సవరించుకున్నాను. "అంటే సార్, రక్షణ... ఆప్యాయత... ఒక తల్లి స్పర్శ..." అని మొదలుపెట్టాను. పిల్లలంతా నా వైపే చూస్తున్నారు. మునిరత్నం పైకప్పు చూస్తున్నాడు.

ఆయన మెచ్చుకోలుగా తలూపి, ఫైలు తెరిచారు. "అన్నట్టు, మీ బోరు నీళ్ళు ఒగరుగా ఉన్నాయని రాశారు. టెస్టు చేయించాం. బ్రహ్మాండంగా ఉన్నాయే! ఏమిటమ్మా సంగతి?"

నేను నోరు తెరిచేలోపు వెనక నుంచి గొంతు వినపడింది. వచ్చినప్పటి నుంచి నాతో పట్టుమని పది మాటలు మాట్లాడని గొంతు.

"బోరుది కాదు సార్! మా మేడమ్ సాంబారు చెయ్యి పటిక బకెట్లో కడిగినాది. ఆ నీళ్ళే నోట్లో పోసుకోని పుక్కిలించినాది సార్!"

అని ఊరుకోలేదు రేణుక. ముందుకొచ్చి, బుగ్గలు పూరించి, పుక్కిలించి, కళ్ళు మూసుకుని, మూతి ముడిచి, తల విదిలించి, నడుం మీద చెయ్యి పెట్టుకుని ప్లంబర్ని తిట్టేదాకా మొత్తం చేసి చూపించింది. చెప్పకూడదు గానీ, అచ్చం నాలాగే ఉంది.